ఎడ్లు లేని ఊళ్ల నుంచి

పెద్దదవాఖానల రికార్డు రూము నాది.
ఇరవై ఏడేండ్లు.
మనిషి ఇంటికి పోయినంక,
లేకుంటే పోలేకపోయినంక
కేసుషీటు నా బల్ల మీదికొస్తది.
దానికో అంకె పెట్టి కట్టగడ్త.

పురుగుమందు అంకె చూడకుంటనే రాస్త,
చెయ్యికి అలవాటైంది.
దాని ముచ్చట ఇంకోనాడు.
పాముకాటు, బండి మీదికెళ్లి పడుడు,
ఎండుమిర్చికి పట్టా కప్పబోతె పిడుగు.
తుపాకి గాయం గడి మాత్రం
నెలనెలా సున్న.
హైదరాబాదుల సంతోషపడ్తరు.

పుబ్బ కార్తె. సన్నవాన.
తాడ్వాయి అవతలికెళ్లి ఒకడు
బావమరిదిని నడుముకు తువ్వాలతోని కట్టుకొని
వంద కిలోమీటర్లు బండి నడిపిచ్చుకొచ్చిండు.
ఎనకోని నెత్తురు
ముందటోని అంగీ వీపు మీద ఎండిపోయింది.
"ఏమైంది?"
"ఎద్దు పొడిచింది."

ఎక్స్‌రేల
తొడకు, తుంటికి
జొన్నలు చల్లినట్టు పదిహేడు తెల్లచుక్కలు.
డ్యూటీ పిలగాడు చుక్కల దిక్కు చూసిండు,
బయట గోడకు ఒరిగి నిలబడ్డోని దిక్కు చూసిండు,
"తెచ్చినవారు చెప్పిన ప్రకారం" అని రాసి
సంతకం గీకిండు.
నా దాకా వచ్చేటాలకు
అది డబ్ల్యూ యాభై ఐదు.
పశువు వల్ల గాయం.

షీటుల వయసు లేదని వార్డుకు పోయిన.
పడుకున్నోని పేరు ఆలెం పగిడయ్య, ఇరవై ఆరు.
జావ తాగిస్తున్నోని పేరు నాకు తెలుసు. చెప్ప.
నేనేం అడగలే. వాడే అన్నడు:
"మక్కలు పాలు పోసుకుంటున్నయి మేడం.
పందులు ఒక్క రాత్రిల ఎకరం పండబెడ్తయి.
నేను మంచె మీదున్న.
వీడు నాకే చాయ తెస్తున్నడు,
వానకు వంగి."

పగిడయ్య జావ మింగి
"ఎద్దే మేడం" అన్నడు.

నిజమైన అంకె డబ్ల్యూ ముప్పై నాలుగు.
అది రాస్తె పోలీసులొస్తరు, ఫారెస్టోళ్లొస్తరు,
ఒకడు మంచంల, ఒకడు జైల్ల,
రెండిండ్ల మక్క పందులకు.
రాయకుంటె
ఇంకో చేనుల, ఇంకో వానల
ఇంకొకడు చాయ తెస్తడు.
నేను యాభై ఐదు రాసిన.
ఆ రోజు అన్నం సగమే తిన్న.

చలికాలం నుస్రత్ అని ఒక పిల్లొచ్చింది,
అంకెల మీద చదువుకున్నదట.
నా కట్టలన్ని విప్పి, నాలుగు రోజులు దుమ్ముల కూసోని,
ఐదోనాడు మెల్లగ అడిగింది:
"అక్కా, ఈ ఎడ్లు
మక్క పాలు పోసుకునేటప్పుడే ఎందుకు పొడుస్తయి?
రాత్రి పది దాటినంకనే ఎందుకు?
పశువుల లెక్క చూసిన.
ఇండ్ల మూడు ఊర్లల్ల అసలు ఎడ్లే లేవు,
అన్ని ట్రాక్టర్లే."

ఫ్యాను కిర్రుమంటున్నది.
ఆమెకు చాయ చెప్పిన.

నేను కొత్తగ చేరినప్పుడు
తుపాకి గాయాలు పోలీసు బండ్లల్ల
తెల్లారకముందే వచ్చేటియి,
సీదా మార్చురీకి.
ఆ కాగితాలు నా బల్ల దాకా రాలే.
అప్పుడూ నా గడి సున్ననే.
ఇది మాత్రం ఆ పిల్లకు చెప్పిన.
ఆమె రాసుకోలే. పెన్ను మూత పెట్టింది.

పోయిన నెల పగిడయ్య మళ్లొచ్చిండు,
కిడ్నీల రాయని.
రాయి కోసం తీసిన ఎక్స్‌రే కింద
టైపు కొట్టిన ఒక లైను:
"తుంటిలో లోహపు తునకలు, పాతవి, ఎనిమిది."
అడిగినోడు లేడు, చెప్పినోడు లేడు.
ఎముక పక్కకెళ్లి అవే చెప్పినయి.

పాత షీటు తీసి పక్కన పెట్టిన.
ఒకదాంట్ల ఎద్దు, ఒకదాంట్ల ఎనిమిది.
సున్న పక్కన పెన్సిలుతోని
ఒక చుక్క పెట్టిన, చెరిపితే పోయేంత.
బల్ల అద్దం కింద నుస్రత్ ఫోను నంబరున్నది.
ఆఖరి అంకె మీద చాయ మరక.
ఎనిమిదో, మూడో.